అరవై నాలుగు ఫ్లాట్ల మందుల డబ్బాలు

లీదియమ్మగారు ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు అడగరు. మందుల డబ్బా అడుగుతారు. మియాపూర్‌లోని మా అపార్టుమెంట్లో అరవై నాలుగు ఫ్లాట్లున్నాయి. ఆవిడ వచ్చిన మూడేళ్ళలో ఆవిడ చేతికి చిక్కని మందుల డబ్బా వాటిలో ఒక్కటీ లేదు. ప్రభుత్వ దవాఖానలో ముప్పై మూడేళ్ళు నర్సుగా చేసి, మానసిక వైద్య విభాగంలో హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, సీసాలన్నిటినీ భోజనాల బల్ల మీద వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కదాన్నీ నేరస్థుణ్ణి ప్రశ్నించినట్టు ప్రశ్నించేవారు.

ఐలయ్యగారింట్లో గృహప్రవేశం నాడు సత్యనారాయణ వ్రతం చివరిదాకా చేతులు కట్టుకుని భక్తిగా కూర్చున్నారు. ప్రసాదం కళ్ళకద్దుకుని తిన్నారు. "మంచిగున్నది," అన్నారు. "మరి డబ్బా ఏది?" పురోహితుడు దక్షిణ అందుకునేలోపు నాలుగేళ్ళ కిందట గడువు తీరిన దగ్గుమందు బయటపడింది. ఆ తరువాత పురోహితుడు తన సంచీ ఒళ్ళోకి లాక్కోవడం నేను స్వయంగా చూశాను.

మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే జయంతి ఇంట్లో పద్నాలుగు సీసాలు దొరికాయి. జుట్టుకొకటి, గోళ్ళకొకటి, నిద్ర పట్టడానికొకటి, పట్టిన నిద్ర వదలడానికొకటి. అన్నీ మొక్కల నుంచి తీసినవేనని జయంతి సమర్థించుకుంది.

"ఉమ్మెత్త గూడ చెట్టుకే కాస్తది బిడ్డా," అన్నారు లీదియమ్మగారు.

న్యాయంగా చెప్పాలంటే ఆవిడ అన్నిటికీ విరోధి కాదు. రక్తపరీక్షలో విటమిన్ తక్కువని తేలినవాళ్ళు మాత్ర మానేస్తే మెట్ల మీద పట్టుకుని మరీ చీవాట్లు పెట్టేవారు. కానీ చీవాట్లు తిన్నవాళ్ళు న్యాయం మాట్లాడరు, ఫిర్యాదు రాస్తారు. అసోసియేషన్ అధ్యక్షుణ్ణయిన నా దగ్గరికి పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. ఆవిడ పక్షాన ఒక్కటీ రాలేదు. గణాంక శాఖలో పనిచేసినవాణ్ణి కనుక లెక్క నాకు స్పష్టంగా కనిపించింది. నివాసితుల ఔషధాలను అన్యులు పరిశీలించుట నిషిద్ధమని లిఫ్టు పక్కన నోటీసు అంటించాను.

ఆవిడ దాన్ని పూర్తిగా చదివి, ఈరోజు నుంచేనా, రేపటి నుంచా అని మాత్రం అడిగారు. ఈరోజు నుంచే అన్నాను. తలూపి వెళ్ళిపోయారు. వాదించలేదు కాబట్టి తప్పు ఆవిడదేనని నిర్ధారించుకున్నాను. సాక్ష్యాన్ని తూచి మాట్లాడతానని ఆ రోజుల్లో నాకు మంచి పేరుండేది.

ఐదో అంతస్తులో సంయుక్త అనే అమ్మాయి ఉంది. రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భర్త రవికిరణ్‌దీ అదే పని. లిఫ్టులో కనిపిస్తే నవ్వడమే తప్ప పలకని పిల్ల. నోటీసు పెట్టిన రెండు నెలలకు ఆ పిల్ల ఒక్కసారిగా వికసించింది. ఒకే వారంలో చెత్త వేరుచేసే సంఘం, పిల్లల గ్రంథాలయం, మిద్దె తోట, మహిళల బ్యాడ్మింటన్ జట్టు ప్రారంభించింది. లిఫ్టు కిందికి దిగే వేగంతో విద్యుత్తు ఎలా పుట్టించవచ్చో నలభై పేజీల ప్రణాళిక నాకు పంపింది. సమావేశంలో ఆ అమ్మాయి మాటల వేగానికి, మినిట్స్ రాసే కార్యదర్శి కలం కింద పెట్టి, వినడంతోనే సరిపెట్టుకున్నాడు.

ఇది యువశక్తి అన్నాం. అసోసియేషన్ తరఫున శాలువా కప్పాం. కప్పింది నేనే. యువతరానికి ఈమె ఆదర్శమని పన్నెండు నిమిషాలు ప్రసంగించాను. అందరూ చప్పట్లు కొడుతుండగా లీదియమ్మగారు వేదిక దగ్గరికి వచ్చి, అభినందిస్తున్నట్టు ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నారు.

"దినాం ఎన్ని గంటలు పండుకుంటున్నవ్ బిడ్డా?"

పనిలేనివాళ్ళకు గానీ నిద్ర దేనికని సంయుక్త గలగలా నవ్వింది. మేమందరం నవ్వాం. లీదియమ్మగారు నవ్వలేదు.

మర్నాడు ఉదయం రవికిరణ్ ఫోను చేశాడు. లీదియమ్మగారు నిషేధాన్ని ఉల్లంఘించి తన ఇంట్లో బైఠాయించారని చెప్పాడు. నోటీసు నకలు మడిచి జేబులో పెట్టుకుని బయలుదేరాను.

వంటింటి సామానంతా హాల్లో నేల మీద ఉంది. సంయుక్త దాన్ని రంగుల వారీగా సర్దుతూ ఏకకాలంలో నాలుగు విషయాలు మాట్లాడుతోంది. బల్ల మీద ఆరు సీసాలు, వాటి ముందు లీదియమ్మగారు.

"నోటీసు పెట్టింది మీరేగా అంకుల్," అన్నాడు రవికిరణ్. "ఈవిణ్ణి వెళ్ళమనండి."

లీదియమ్మగారు నావైపు చూడలేదు. "లిథియం ఏది, రవికిరణ్?" అన్నారు.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. సంయుక్తకు బైపోలార్ జబ్బు. ఉత్సాహం హద్దు మీరి పైకి తీసుకుపోతుంది, తరువాత అంత లోతుకూ పడేస్తుంది. ఆరేళ్ళుగా లిథియం మాత్రలే ఆ అమ్మాయిని నిలబెట్టాయి. కానీ చేతులు వణికేవి. ఆఫీసులో క్లయింట్ల ఎదుట కాఫీ ఒలికిపోయి, ఆ పిల్ల ఇంటికొచ్చి ఏడ్చింది. అతని ఆఫీసులో ఆరోగ్యం మీద ప్రసంగించడానికి వచ్చిన ఒకాయన, మాత్రలు జబ్బును అణచిపెడతాయే తప్ప నయం చేయవని, ప్రకృతే మందని చెప్పి ఒక జాబితా ఇచ్చాడట. ఇద్దరూ ఆలోచించుకుని లిథియం మానేసి ఆ ఆరు సీసాలు తెప్పించుకున్నారు.

"ఏడు వారాలైంది. ఎంత హుషారుగా ఉందో మీరూ చూశారు కదా అంకుల్. శాలువా కప్పింది మీరేగా."

 

వేరే పని తోచక ఒక సీసా చేతిలోకి తీసుకుని చదివాను. నవ్వుతున్న బొమ్మ కింద, ఆకుల కింద, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. రెండో సీసా మీదా ఉంది. ఆరింటి మీదా ఉంది. తెలుగులో పైకి చదివాను: ఇది ఔషధంగా వాడుటకు కాదు.

"అమ్మినవాడే ఒప్పుకున్నాడు రవికిరణ్," అన్నాను.

లీదియమ్మగారు చేపనూనె సీసాను పక్కకు జరిపారు. "ఇది డాక్టర్‌నడిగి మందుతోపాటు ఏసుకుంటె ఏసుకోవచ్చు." మనసును తేలికపరుస్తుందని రాసి ఉన్న మూలికల సీసా ఎత్తి పట్టుకున్నారు. "ఇదైతే ఈ జబ్బును ఇంకింత పైకి ఎగేస్తది. ఏదైనా గానీ, లిథియం జాగల కూసునే తాకత్ దీంట్ల దేనికీ లేదు. చేతులు వణుకుతున్నయంటె డాక్టర్‌కు చెప్పాలె. నెత్తురు పరీక్ష చేసి మోతాదు సరిచేస్తడు. మాత్రనే బంద్ చేస్తరా?"

నేల మీద గిన్నెలు సర్దుతున్న చేతులు ఆగిపోయాయి.

"తొమ్మిది వారాలు మీరు రాలేదు ఆంటీ," అంది సంయుక్త.

తరువాత ఆ అమ్మాయే నాకు చెప్పింది. ఆరేళ్ళ కిందట తనను చేర్చిన వార్డుకు హెడ్ నర్సు లీదియమ్మగారే. మూడేళ్ళ కిందట ఇక్కడి లిఫ్టులో ఎదురుపడినప్పుడు, మనం ఒకరినొకరం ముందే ఎరుగుదుమని ఎవరికీ తెలియనీయవద్దని సంయుక్త చేతులు పట్టుకుని బతిమాలింది. కానీ మాత్రలు సరిగా వేసుకుంటోందో లేదో చూడకుండా ఆవిడ ఉండలేరు. పిచ్చాసుపత్రి నర్సు ప్రతి వారం ఒకే ఇంటికి వెళితే, ఎందుకని తక్కిన ఇళ్ళన్నీ అడుగుతాయి.

"అందుకని అందరిళ్ళకూ వెళ్ళడం మొదలుపెట్టారు," అంది.

ఒక్క డబ్బా ఎవరి కంటా పడకుండా తెరవడానికి అరవై రెండు డబ్బాలు తెరిచి, అరవై రెండిళ్ళ వాళ్ళ చేత తిట్లు తిన్న మనిషిని నేను పదకొండు కాగితాలు లెక్కపెట్టి ఆపేశాను. జబ్బుకు శాలువా కప్పి, వైద్యానికి నోటీసు అంటించిన అధ్యక్షుడు ఈ నగరంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఆ మధ్యాహ్నమే లీదియమ్మగారు, రవికిరణ్ కలిసి ఆ అమ్మాయిని కారులో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. పద్దెనిమిది రోజులు అక్కడే ఉంది. అపార్టుమెంటుకు మాత్రం పుణేలో ట్రైనింగ్ అని చెప్పాం. అబద్ధం కల్పించింది నేనే. డాక్టరు మోతాదు సరిచేసి మళ్ళీ లిథియం మొదలుపెట్టాడు. ఆ పిల్ల తిరిగివచ్చి, లిఫ్టులో మళ్ళీ మునుపటిలాగే నవ్వి ఊరుకుంటోంది. సంయుక్తకు హుషారు తగ్గిపోయిందని జయంతి విచారం వెలిబుచ్చింది.

నోటీసు చించేస్తానని లీదియమ్మగారితో అన్నాను.

"వద్దు సారు. తీస్తే ఎందుకు తీసిండ్రని అడుగుతరు. ఉండనియ్యుండ్రి. నేను మల్ల పోత. వాళ్ళు మీకు ఫిర్యాదు చేస్తరు. మీరు నన్ను తిట్టుండ్రి."

నిబంధన రాసినవాడు దాని ఉల్లంఘనకు సహకరించడం నా స్వభావానికి విరుద్ధం. అయినా ఒప్పుకున్నాను.

మరుసటి నెల సమావేశంలో జయంతి లేచింది, ఐలయ్యగారు లేచారు. చివరికి సంయుక్త లేచింది. "మా ఇంటికీ ప్రతి వారం వస్తున్నారు సార్. చాలా ఇబ్బందిగా ఉంది," అంది, చెక్కుచెదరని ముఖంతో. సభ సానుభూతితో తలూపింది. జీవితంలో మొదటిసారి, ఒక్క సాక్ష్యం కూడా లేకుండా, ఒక పెద్దమనిషిని పది నిమిషాలు మందలించాను. లీదియమ్మగారు తలవంచుకుని విన్నారు.

సభ ముగిశాక మెట్ల దగ్గర నన్ను ఆపారు.

"ఇయ్యాల జర తక్కువ తిట్టిండ్రు సారు. జయంతికి అనుమానమొస్తది. వచ్చే నెల గట్టిగ తిట్టుండ్రి."

ఇంటికి వచ్చి, తెల్లకాగితం తీసుకుని, వచ్చే నెలకు కావలసిన తిట్లు వరుసగా రాసుకోవడం మొదలుపెట్టాను.