చాటల ముందు ఆడిన సినిమా

మా వాడలో అప్పట్లో సినిమాలు చూసేవాళ్ల కన్నా వినేవాళ్లే ఎక్కువ. ఇదేదో తాతల కాలం ముచ్చట అనుకునేరు, ఏడెనిమిదేళ్ల కిందటిదే. అందరిళ్లలో టీవీలున్నాయి, చేతుల్లో ఫోన్లున్నాయి. లేనిదల్లా కళ్లకు తీరిక. బీడీలు చేసే మనిషి చూపు ఒళ్లో ఉన్న చాట మీదే ఉండాలి. కత్తిరించిన తునికాకులో తంబాకు పెట్టి, చుట్టి, కొన మడిచి, దారం కట్టేలోపు తలెత్తి ఫోను వంక చూస్తే ఆ బీడీ వంకర పోతుంది, కార్ఖానాలో దాన్ని తీసి పక్కన పారేస్తారు. చెవులు మాత్రం ఖాళీగా ఉంటాయి. అందుకని ఆర్మూరులో మా గల్లీ ఆడవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. కొత్త సినిమా వస్తే ఒకరు వెళ్లి చూసి రావాలి, మిగతావాళ్లు బీడీలు చేస్తుంటే సీను వెంట సీను చెప్పాలి. రెండున్నర గంటల సినిమా మా వాకిట్లో మూడు నాలుగు రోజులు ఆడేది. (పాటలకు మాత్రం మినహాయింపు. "పాట అయిపోయింది, ముంగటికి నడువు" అనేవారు.)

నీడ ఎక్కువసేపు ఉంటుందని అందరూ మా ఇంటి ముందే కూర్చునేవారు. మా అమ్మ, పక్కింట్లోనే ఉండే అమ్మ చెల్లెలు చిన్నమ్మ, బాల్కొండ నుంచి కోడలిగా వచ్చి సొంత పేరు పోగొట్టుకున్న బాల్కొండ అక్క, వీళ్లందరికీ పెద్ద అయిన పోలీసవ్వ. ఆమె ఇంట్లో పోలీసులెవరూ లేరు. ఎవరైనా "దవాఖానకు పోయొచ్చిన" అంటే చాలు, ఏ దవాఖాన, ఎవరెదురైన్రు, బస్సుల పోయినవా ఆటోల పోయినవా, మరి చెప్పులకు మట్టెందుకున్నది అని అడుగుతుంది కాబట్టి ఆ పేరొచ్చింది. ఈ నలుగురూ పసుపు తవ్వే రోజుల్లో చేలకు, పసుపు అమ్మకానికొచ్చే రోజుల్లో మార్కెట్ యార్డుకు కొమ్ములు ఏరడానికి పోయేవాళ్లు. మిగతా ఏడాదంతా చాటలే.

నేను ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. ఖాళీ అంటే, గోడకు ఆనుకుని ఆకు కత్తిరిస్తూ, ఆకుల కట్ట కింద లైబ్రరీ పుస్తకం దాచుకుని ఉన్నానని అర్థం. నాకు మాట్లాడడం రాదు. మూగదాన్ని కాను, మనుషులు చూస్తుంటే మాట గొంతులోనే కూర్చుండిపోతుంది, అంతే. చెప్పాల్సినవన్నీ డైరీలో రాసి పెట్టుకునేదాన్ని. వాళ్ల మాటలు వింటూ నేను ఆరేళ్లుగా ఆ వాకిట్లో కూర్చున్నా, నేనూ అక్కడున్నానని ఎవరికీ పెద్దగా గుర్తుండేది కాదు.

అలాంటి నాకు కథ చెప్పే పదవి రావడానికి కారణం బాల్కొండ అక్క చేసిన ఒక హత్య. అంతకు ముందు సినిమా ఆమే చెప్పింది. నాలుగు రోజులు చెప్పి, చివరికి హీరోయిన్ చచ్చిపోయిందంది. చాటలు ఆగిపోయాయి.

"నాలుగు దినాలు గా పిల్లెంబడి మమ్మల్ని తిప్పి, ఆఖరుకు మట్టిల కలుపుతవా?" అంది పోలీసవ్వ.

"నేను చంపిన్నా అవ్వా? సినిమాల గట్లనే ఉండె!"

"సినిమాల ఉంటె ఉండనీ. నువ్వు జర చూసి చెప్పద్దా?"

అక్కడితో బాల్కొండ అక్క పదవి ఊడింది. తర్వాత వారం కొత్త క్రైమ్ సినిమా వచ్చింది. ఎవరు పోవాలన్న మాట వచ్చినప్పుడు పోలీసవ్వ నా వైపు గడ్డం ఎత్తి, "గీ పోరి పోతది. గంత లావు బుక్కులు యాది పెట్టుకున్నది, సినిమా యాది పెట్టుకోదా?" అంది. "దానికి నోరెక్కడున్నది?" అంది బాల్కొండ అక్క. నిజమే కాబట్టి ఎవరూ కాదనలేదు. అయినా నన్నే పంపారు.

నేనూ నా క్లాస్‌మేటూ మ్యాట్నీకి వెళ్లాం. కథ ఇదీ. ఒక చక్కటి యువకుడు పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ ముందు కూర్చుని, తన స్నేహితుడు ఫామ్‌హౌస్‌లో ఎలా హత్యకు గురయ్యాడో మొదటి నుంచి చెబుతుంటాడు. తెర మీద మనం చూసేదంతా అతను చెప్పేదే. హత్య జరిగిన సాయంత్రం తాను చుట్టాల పెళ్లిలో, హల్దీ ఫంక్షన్‌లో ఉన్నానంటాడు. పాపం, అందరూ అతన్నే అనుమానిస్తారు. చివర్లో తెలుస్తుంది, అతను చెప్పిందంతా అబద్ధమని, చంపింది అతనేనని. హాలంతా ఈలలు. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. రెండున్నర గంటలు నా కళ్లతో నేను చూశాను కదా! అబద్ధమైతే నేను చూసిందేమిటి? అందులో ఏ సీను జరిగింది, ఏది జరగలేదు? ఆ స్నేహితుడు నవ్వినప్పుడు నిజంగా నవ్వాడా, లేక నవ్వాడని ఇతను చెప్పాడా? ఇంటిదాకా నా స్నేహితురాలు ఏదో మాట్లాడుతూనే ఉంది, నేను ఒక్క ముక్క వినలేదు.

మర్నాడు పొద్దున చాటల ముందు కూర్చున్నాను. మొదటి పది నిమిషాలు నా గొంతు నాకే వినబడలేదు. "గట్టిగ చెప్పు పిల్లా, చాట దాటుతలేదు" అంది బాల్కొండ అక్క. కళ్లు మూసుకున్నాను. మూసుకుంటే సినిమా కనిపించింది, మనుషులు కనిపించలేదు. ఇంక మాట ఆగలేదు. ఇన్‌స్పెక్టర్‌కు ఒక గొంతు, స్నేహితుడికి ఒక గొంతు పెట్టాను. హీరోకు ఏ గొంతూ కుదరక, దుబాయిలో ఉన్న చిన్నమ్మ వాళ్లాయన, మా బాబాయి, ఫోన్లో మాట్లాడే తీరు పెట్టాను, మెల్లగా, మధ్యమధ్యలో ఆగుతూ, "ఫికర్ జెయ్యకుండ్రి" అంటూ. హల్దీ ఫంక్షన్ దగ్గర, అతను గంగాళంలో మోచేతుల దాకా ముంచి పసుపు కలిపి అందరికీ పూసినట్టు నేను చేసి చూపించాను కూడా. కళ్లు తెరిచేసరికి అమ్మ చేతులు ఆగి ఉన్నాయి. నన్నే చూస్తోంది, కొత్త మనిషిని చూసినట్టు. ఆమె చేతిలో బీడీ వంకర పోయింది. పారేయాల్సిన ఆ బీడీని అమ్మ పారేయకుండా పక్కన పెట్టుకోవడం నేను చూశాను.

రెండో రోజు చిక్కు మొదలైంది. చిన్నమ్మకు హీరో తెగ నచ్చేశాడు. "గా పిలగాడు మాట్లాడ్తుంటె అచ్చం మా ఆయన ఫోన్ల మాట్లాడినట్టే ఉన్నది" అంది. (ఉండదూ మరి!) పోలీసులు అతన్ని వదిలేస్తే సిద్ధులగుట్టకు పోయి కొబ్బరికాయ కొడతానని మొక్కుకుంది. "వదిలిపెడ్తె పెట్టిన్రు, లేకుంటె లేదు. సినిమా ఎప్పుడో అయిపాయె, ఇప్పుడు మొక్కితె ఏం మారుతది?" అని బాల్కొండ అక్క ఎంత చెప్పినా వినలేదు. ఆ ఉత్సాహంలో నేను స్టేషన్ సీను మరీ ఇదిగా చెప్పాను. హత్య జరిగిన తెల్లారే అతన్ని పిలిపించారు, టీ ఇచ్చారు, టీ గ్లాసు పట్టుకున్న అతని చేతులు కెమెరాలో దగ్గరగా చూపించారు, ఎంత పొడుగు వేళ్లని, గోళ్లయితే అద్దాల్లా మెరుస్తున్నాయని. (కథకు ఆ గోళ్లతో ఏ పనీ లేదు. పనల్లా నాకే. పదిహేడేళ్ల వయసు, ఆ చేతులు నాకు బాగున్నాయి.)

ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేసుకున్నాను. చంపింది హీరోయేనని చెబితే బాల్కొండ అక్క గతే నాకూ పడుతుంది. బతుకులో మొదటిసారి నేను మాట్లాడితే నలుగురు విన్నారు, ఆ చోటు రెండు రోజులకే పోతుందంటే ప్రాణం ఒప్పుకోలేదు. పైగా చిన్నమ్మ మొహం గుర్తొచ్చింది. చివరికి ఒక నిర్ణయానికొచ్చాను. హత్యను ఫామ్‌హౌస్ మేనేజర్ మీదికి తోసేద్దాం. సినిమాలో అతను ఒక్కసారి కనిపిస్తాడు, మంచినీళ్లు ఇచ్చి వెళ్లిపోతాడు. ("చిన్నమ్మ సంతోషం కోసం ఒక చిన్న మార్పు" అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. మొదటి కారణం మాత్రం రాయలేదు. నా డైరీని కూడా మీరు పూర్తిగా నమ్మకండి.)

మూడో రోజు మధ్యాహ్నానికి మేనేజర్ చేతులకు బేడీలు వేయించాను. చిన్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. బాల్కొండ అక్క మూతి తిప్పింది. హమ్మయ్య అనుకునేలోపు పోలీసవ్వ కత్తెర కింద పెట్టింది.

"మేనేజరెందుకు చంపిండు?"

"ఆస్తి కోసం."

"మేనేజర్‌కు ఆస్తెట్లొస్తదే?"

"అతను... దూరపు చుట్టం."

"నిన్న చెప్పలేదేంది?"

"మర్చిపోయిన అవ్వా."

"సరె, మర్చిపోయినవ్. మరి గా పిలగాని గోర్ల సంగతేంది?"

నాకు అర్థం కాలేదు. అవ్వ తన కుడిచేయి నా ముందు చాపింది. "యార్డుల పసుపు ఏరుడు బందైన పది దినాలకు గూడ చూడు." గోళ్ల అంచుల్లో సన్నగా పసుపు గీత. అమ్మ, చిన్నమ్మ, బాల్కొండ అక్క కూడా తమ గోళ్లు చూసుకున్నారు. అందరివీ అంతే. "మోచేతుల దాక ముంచి పసుపు కలిపినోని గోర్లు తెల్లారేసరికి అద్దాలెట్లయినయే?"

"సబ్బుతోటి కడుక్కున్నడు అవ్వా."

"సబ్బు పెడ్తె పసుపు ఎర్రగైతది. గోర్లకెల్లి పోదు."

"గ్లవ్స్ ఏసుకున్నడేమో."

"పెండ్లిల పసుపు కలిపెటోడు గ్లోజులేసుకుంటడా? ఆపరేషన్ చేసుడా గది?"

బాల్కొండ అక్క పడీపడీ నవ్వింది. అవ్వ మాత్రం నవ్వలేదు. "వాడు గా ఫంక్షన్‌కు పోనే లేదు. వాడే చంపిండు. అవునా, కాదా?"

హాల్లో అన్ని వందల మందికి ఆఖరి పది నిమిషాల్లో తెలిసింది, సినిమాలో ఇన్‌స్పెక్టర్ సీసీ కెమెరాలు తిరగేసి కనిపెట్టింది, ఈమె సినిమా చూడకుండానే, చాట మీంచి తలెత్తకుండానే పట్టేసింది. "నీకెప్పుడు తెల్సింది అవ్వా?" అన్నాను. "నిన్న నువ్వు గోర్లు అద్దాలన్నప్పుడే" అంది అవ్వ. అమ్మ దారం కొరుకుతూ, "నాకూ అప్పుడే" అంది మెల్లగా. బాల్కొండ అక్కకూ తెలుసట. తెలియనిది చిన్నమ్మ ఒక్కదానికే. వాళ్లకు తెలుసన్న సంగతి తెలియనిది నాకు.

"అవును. వాడే చంపిండు. నేనే మార్చిన" అన్నాను. తల వంగిపోయింది.

బాల్కొండ అక్క ఈ రోజు కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. "ఉన్నదున్నట్టు చెప్పిన నన్ను తీసేస్తిరి. ఇదైతె అబద్ధమే చెప్పె. దీన్నేం జేస్తరో చెయ్యుండ్రి మరి!" అంది. అందరూ చిన్నమ్మ వైపు చూశారు, మోసపోయింది ఆమె ఒక్కతే కదా. చిన్నమ్మ మూడు బీడీలు చుట్టింది. నాకు ఆ మూడు బీడీలంత పొడుగు సమయం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

"కొబ్బరికాయ తెచ్చి పెట్టిన. రేపు చట్నీ నూరుకుందాం తియ్యి" అంది చివరికి. తర్వాత నా వైపు తిరిగి, "మళ్ల మొదట్నుంచి చెప్పవే. వాడు యాడ యాడ అబద్ధమాడిండో ఈసారి నేను పడ్త" అంది.

అలా ఆ సినిమా మా వాకిట్లో రెండోసారి ఆడింది. ఈసారి అయిదు రోజులు పట్టింది. రెండు మాటలు చెప్పేలోపు "ఆగు, గిది అబద్ధం" అని చిన్నమ్మ, "కాదు, గిదొక్కటి నిజం" అని బాల్కొండ అక్క. స్నేహితుడు నిజంగా నవ్వాడా లేదా అన్నదాని మీద ఒక పూటంతా గడిచింది. నేను ఒక్కదాన్నే కుర్చీలో కూర్చుని తలబద్దలు కొట్టుకున్న ప్రశ్నలన్నీ వాళ్లకూ వచ్చాయి. డైరీకి తప్ప ఎవరికీ చెప్పుకోలేననుకున్న సందేహాల మీద నలుగురూ అరుచుకుంటుంటే, నేను మధ్యలో కూర్చుని "జర ఒక్కలొక్కలు మాట్లాడుండ్రి" అని కేకేశాను. నా నోట అంత పెద్ద మాట అదే మొదలు.

ఆ శుక్రవారం చిన్నమ్మ వీడియో కాల్‌లో బాబాయిని చేతులు చూపించమందట. రెండేళ్లుగా ఏసీ షాపులో కూర్చునే పని అని చెబుతున్నాడాయన. చేతులు వెనక్కి పెట్టుకుని "చలి పెడ్తున్నది" అన్నాడట, దుబాయిలో, ఎండాకాలంలో! చివరికి చూపించాడు. గోళ్ల నిండా సిమెంటు. "ఫికర్ జేస్తవని చెప్పలేదు" అన్నాడట. ఇదంతా మాకు చెబుతూ చిన్నమ్మ నవ్వింది. నవ్వుతూనే చాట పక్కన పెట్టి, నీళ్లు తాగొస్తానని లోపలికెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ సినిమా కొన్నాళ్లకు ఫోన్లోకి వచ్చింది. ఆ టీ గ్లాసు దగ్గర ఆపి ఎన్నిసార్లు చూశానో. తెల్లటి గోళ్లు. అది దర్శకుడు కావాలని వదిలిన ఆనవాలా, లేక షూటింగ్‌లో ఎవరికీ తట్టలేదా, ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. అవ్వనడిగితే, "వానికేమెర్క? పసుపు ముట్టినోడైతె గద!" అని కొట్టిపారేసింది.

ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. నా గొంతు ఎలా ఉంటుందో తెలియనివాళ్లు అక్కడ ఇంకా ముగ్గురున్నారు. మొన్న అందరం కలిసి కొత్త థ్రిల్లర్‌కు వెళ్లాం. ఎలా ఉందని అడిగితే "బాగుంది" అన్నాను, అంతే. ఆదివారం హాస్టల్ మిద్దె మీదికెళ్లి అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ స్పీకర్ ఆన్ చేసి ఫోను చాటల మధ్యలో పెట్టింది. అవ్వకు ఈ మధ్య చెవులు సరిగా వినబడడం లేదు కాబట్టి అరిచి చెప్పాలి. "షురూ చెయ్యి బిడ్డా" అంది అవ్వ. అవతల కత్తెరల చప్పుడు వినిపిస్తోంది.

"మొదటి సీన్ల మస్తు వాన పడ్తుంటది అవ్వా!" అని నాలుగు మిద్దెలకు వినబడేలా మొదలుపెట్టాను.

(ఆ సినిమాలో వాన లేదు. ఆ రోజు తల వంచుకుని నిజం ఒప్పుకున్న పిల్ల వింటే నా గురించి ఏమనుకుంటుందో తెలియదు. కానీ మే నెల ఎండలో కూర్చుని వింటున్నవాళ్లకు కాసేపు వాన పడితే ఎవరి సొమ్మేం పోయింది!)