చేతులు చూపించమనే ఆయమ్మ

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్లకు, కేజీఎఫ్‌లోని ఒక ఆసుపత్రిలో మా అమ్మకు కడుపు ఆపరేషన్ అయింది. ఆ వార్డు ఆయా గుమ్మం దగ్గర ఎర్ర సబ్బు, నీళ్ల చెంబు పెట్టుకుని నిలబడేది. అందరూ ఆయమ్మ అనేవారు. ఎవరొచ్చినా, "చేతులు చూపించప్పా" అనేది. కడిగాక వేళ్ల సందులు కూడా చూసిగానీ లోపలికి వదిలేది కాదు. ముళబాగిలులో బట్టల కొట్టున్న నన్ను పట్టుకుని చేతులు చూపించమంటుందా అని నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు శుభ్రంగా కడిగిన చేతులే చూపించాను. జేబులో మాత్రం కురుడుమలె వినాయకుడి విభూతి పొట్లం ఉంది. మా ఇళ్లలో ఏ పుండుకైనా ముందు పెట్టేది అదే. ఆయమ్మ అటు తిరగ్గానే అమ్మ కట్టు ఎత్తి, కుట్ల మీద చల్లాను.

మూడో రోజుకు కుట్లు చీము పట్టాయి. అమ్మ జ్వరంతో వణికిపోయింది. డాక్టరు వార్డంతా వినేలా ఆయమ్మ మీద అరిచాడు.

"ఏం చేతులతో ముట్టుకున్నావు ఈమెను?"

ఆమె తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. పక్కనే ఉన్న నేను జేబులో మిగిలిన విభూతి పొట్లాన్ని ఇంకా లోపలికి తోశాను.

ఆనాటినుంచి ఆమె మా చేతులకంటే ముందు తన చేతులు రుద్దుకునేది, తోలు లేచేదాకా. అమ్మ కోలుకుని ఇంటికి బయల్దేరిన రోజు గుమ్మంలో నన్ను ఆపింది.

"నా చేతినుంచే తగిలినట్టుండాదప్పా మీయమ్మకు. మనసులో పెట్టుకోవద్దు."

పగిలిన ఆ చేతుల వైపు చూడకుండా, "పోనీలే ఆయమ్మా, ఇంగమీద జాగ్రత్తగా ఉండు" అన్నాను.