పెరట్లో పాతిన గాబు

మా అక్క వానాకాలంలో పెరటి మెట్ల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. అమలాపురంలో ఆపరేషన్ చేసి, లోపల రాడ్ వేసి, చేతికి వాకర్ ఇచ్చి పంపారు. ఎముక అతుక్కుంటుంది గాని రోజూ నడవకపోతే కాళ్ళలో కండ కరిగిపోతుందనీ, ఆ తర్వాత ఎముక ఎంత గట్టిగా ఉన్నా ప్రయోజనం లేదనీ డాక్టరుగారు చెప్పారు. మాట నాతోనే అయినా ఆయన చూపు అక్క మీదే ఉంది. అక్క మాత్రం గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంది.

అక్క హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నేను పత్రికలో ఉద్యోగం ముగించి, భార్య పోయాక, ఆమె ఇంట్లో చేరాను. ఊరి చివర కొబ్బరితోటల మధ్య చిన్న ఇల్లు. ఉదయం ఆమె బైబిలు చదువుకుంటుంది, నేను పేపరు చదువుకుంటాను. ఆ తర్వాత ఎవరి పని వారిది. అలా ఇన్నేళ్ళు గడిచిపోయాయి.

ఆసుపత్రి నుంచి వచ్చాక అక్క మంచం వెనక వసారాలో వేయించాం. అక్కడైతే గాలీ వెలుతురూ ఉంటాయని. వాకర్ మంచం పక్కనే ఉండేది. దాని మీద ఆమె తువ్వాలు ఆరేసుకునేది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి అమలాపురం నుంచి స్కూటీ మీద వచ్చేది. ఆమె వచ్చే వేళకి అక్కకి తల తిరిగేది, లేదా బీపీ పెరిగేది, అదీ కాకపోతే నిద్ర ముంచుకొచ్చేది. మళ్ళీ పడతానేమోనన్న భయం ఆమెది. అయితే భయమన్న మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. బళ్ళో అంతమందిని గడగడలాడించిన మనిషి, రాదు కూడా.

"వసారాలో అటూ ఇటూ తిప్పితే ఎవరికైనా విసుగేనండీ," అంది ఆ అమ్మాయి ఒకరోజు నాతో, చెప్పులు వేసుకుంటూ. "వెళ్ళడానికి ఒక చోటంటూ ఉండాలి. పెరట్లో ఏదైనా అందంగా పెట్టించండి. అమ్మగారు అక్కడిదాకా వెళ్ళి చూసి వచ్చేలాగ."

మాట బాగానే ఉందనిపించింది. మా పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు, ఒక అరటి గుబురు, కనకాంబరం మొక్కలు, కరివేపాకు చెట్టు ఉన్నాయి. కంచె అవతల పొలాలకి నీళ్ళు తీసుకెళ్ళే పంట బోదె పారుతుంది. అన్నీ ఉన్నాయి గాని, కన్ను ఎక్కడ ఆగాలో తెలియని పెరడు అది. మధ్యలో ఒక బొమ్మ ఉంటే బాగుంటుందనుకుని జొన్నాడ వెళ్ళాను.

అక్కడ హైవే పక్కన సిమెంటు బొమ్మలు బారుగా నిలబెట్టి ఉన్నాయి. లిప్‌స్టిక్ వేసుకున్నట్టున్న ముక్కులతో హంసలు, ఎవరో పిలిస్తే ఉలిక్కిపడినట్టు చూస్తున్న సింహం, పసుపు రంగు జింకలు. ఆ రంగులు చూస్తేనే తలనొప్పి వచ్చింది. చివరికి తల వంచుకుని బిందెలోంచి నీళ్ళు ఒంపుతున్న ఆడపిల్ల బొమ్మ ఒకటి నచ్చింది. దానికింకా రంగు వేయలేదు.

"రంగెయ్యకపోతే కళుండదండీ," అన్నాడు అమ్మేవాడు.

"కళ అక్కర్లేదు. తెల్ల సున్నం ఒక్కటీ వేసి ఇవ్వండి."

"ఆయ్, తవఁరి ఇష్టం."

ఆటోలో గోనెసంచులు చుట్టి తెచ్చి, కనకాంబరాల మధ్య నిలబెట్టించాను. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూస్తే నాకు ముచ్చటగానే ఉంది. తెల్లగా, నెమ్మదిగా ఉంది.

అవి సమాధుల పండుగ దగ్గర పడుతున్న రోజులు. మా క్రైస్తవులందరూ తమ తమ పెద్దల సమాధుల దగ్గర గడ్డి పీకి, సున్నాలు వేయించుకునే కాలం. ఆ సంగతి నాకు తట్టలేదు. పొరుగింటి ఆవిడ గిన్నెలో రొయ్యల కూర పట్టుకుని వచ్చినప్పుడు తట్టింది. ఆవిడ భర్త గల్ఫులో పనిచేస్తూ అక్కడే పోతే, పెట్టెలో ఇంటికి పంపారు. ఆవిడ గుమ్మంలోనే ఆగి బొమ్మని చాలాసేపు చూసింది.

"ఎవరికండీ?" అంది గొంతు తగ్గించి.

"ఎవరికేమిటి? పెరట్లోకి."

"అది కాదండీ. ఎవరి సమాధి మీదకని."

మంచం మీద నుంచి అక్క నవ్వింది. ఆపరేషనయ్యాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

"నాకేనమ్మా," అంది అక్క. "తమ్ముడు ముందుచూపున్నవాడు. ఒరేయ్, అడుగున నా పుట్టినతేదీ రాయించెయ్. రెండోదానికి చోటొదిలిపెట్టు చాలు."

"అక్కా, ఊరుకో."

"ఊరుకుంటే ఎలాగ? పాపం అది తలొంచుకుని ఏడుస్తోంది. నేనింకా ఉన్నానని దానికి చెప్పకపోయేవా?"

ఆ తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదు. వేళాకోళం వేళాకోళమే గాని, ఆ తెల్ల బొమ్మ నాకు కనిపించినట్టు ఆమెకి కూడా కనిపించలేదని అర్థమైంది. పొరుగావిడ మాత్రం రెండు రోజులు ఊరుకుని, మూడోనాడు మొహమాటపడుతూ వచ్చింది.

"మీకు అక్కర్లేదంటే మా ఆయనకి పెట్టుకుంటానండీ. ఆయనకి వట్టి సిలువే ఉంది."

పండుగ నాటికి బొమ్మ ఆయన సమాధి తలవైపు నిలబడింది. కొవ్వొత్తుల వెలుగులో చాలా బాగుందని అందరూ అన్నారట.

పెరట్లో బొమ్మ తీసిన చోట గుంట మిగిలింది. దాన్ని చూసి అక్కే అంది: "ఒరేయ్, పాకవెనక కుడితి గాబు బోర్లించి ఉండాలి. గేదెనమ్మేసినప్పుడు అక్కడే పడేయించేను. ఆ గోతిలో దాన్ని పాతించు. బొమ్మలు చూడ్డానికి నేనేమన్నా చంటిపిల్లనా? నీళ్ళుంటే ఏదో ఒకటి వచ్చి వాలుతుంది."

ఎండిన కమ్మల కింద గాబు దొరికింది. గుండ్రటి సిమెంటు తొట్టి, అంచు ఒకచోట విరిగింది. పాతేముందు నేను ఒక పని చేశాను. ఆ గోతిలో కాకుండా ఇంకాస్త వెనక్కి, అరటి గుబురు పక్కన తవ్వించాను. మంచం మీద నుంచి అంచు మాత్రమే కనబడాలి. లోపలి నీళ్ళు చూడాలంటే లేచి నడవాలి. అదీ నా ఎత్తు.

గాబుని అంచుల దాకా భూమిలోకి దింపి, ఒక పక్క ఇటుకలు పేర్చి లోతు తగ్గించాం. బోదెలోంచి కలువ దుంప తెచ్చి వేశాం. దోమలు పెరగకుండా చిన్న చేపల్ని వదిలాం. మట్టి అడుక్కి దిగి నీళ్ళు తేరడానికి కొన్నాళ్ళు పట్టింది.

నా ఎత్తు పారింది కూడా. ఒక ఉదయం అక్క, "కలువ ఆకేసిందా?" అని అడిగింది. వెళ్ళి చూడమన్నాను. నా వంక కోపంగా చూసి, తువ్వాలు తీసి మంచం మీద పడేసి, వాకర్ పట్టుకుంది. మెట్ల దాకా వెళ్ళి నిలబడి, మెడ సాచి చూసి వచ్చింది. మర్నాడు మొదటి మెట్టు దిగింది. ఫిజియోథెరపీ అమ్మాయి చప్పట్లు కొట్టబోతే, "ఇదేం బడి కాదు," అని కసిరింది గాని, మొహం వెలిగింది. ఆ వారం పది రోజులు మా ఇంట్లో నిజంగా మంచి రోజులు.

అప్పుడు పిట్టలు రావడం మొదలుపెట్టాయి.

మొదట గోరింకలు వచ్చాయి. ఇటుకల మీద నిలబడి స్నానం చేస్తూ, వంతు కోసం రేవు దగ్గర ఆడవాళ్ళలా పోట్లాడుకునేవి. పికిలిపిట్టలు జంటగా వచ్చి తొందరగా తాగి పోయేవి. లకుముకి పిట్ట బట్టల తీగ మీద కూర్చుని, గాబులో చేపల్ని పక్క నుంచి పరిశీలించేది. ఒక ముంగిస మధ్యాహ్నం పూట అద్దెకున్నవాడిలా పెరడంతా తిరిగి, నీళ్ళు తాగి, మమ్మల్ని లెక్కచేయకుండా వెళ్ళిపోయేది. గుడ్డికొంగ ఒకటి వచ్చి గాబు అంచున నిలబడేది. మట్టిరంగు ఒళ్ళు, కదలని మెడ. ఉందో లేదో తెలిసేది కాదు. ఎగిరితే మాత్రం తెల్లటి రెక్కలు ఒక్కసారిగా విచ్చుకునేవి.

"నువ్వు చేపలేస్తావు, అది తింటుంది," అంది అక్క. "రిటైరయ్యేక నీకు దొరికిన ఉద్యోగం."

చివరగా నీటికోళ్ళు వచ్చాయి. మొహం, రొమ్ము తెల్లగా, వీపు నల్లగా ఉండే పిరికి పక్షులు. అరటి గుబురులోంచి ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చేవి. ప్రతి అడుగుకీ తోక పైకెత్తి దించేవి. కొన్నాళ్ళకి తల్లి వెనక నల్లటి దూదిపింజల్లా పిల్లలు కూడా వచ్చాయి. అంచు మీద నుంచి ఒకటి జారి నీళ్ళలో పడితే, మంచం మీద నుంచి అక్క "అయ్యో అయ్యో" అంటూ చేతులు చాచింది. అది తనంతట తనే పైకి వచ్చేసింది.

మర్నాడు వాటిని దగ్గర్నుంచి చూద్దామని అక్క బయల్దేరింది. మెట్టు మీద వాకర్ కాలు రాయికి తగిలి టక్కుమంది. తల్లి ఒక కేక పెట్టి అరటి గుబురులోకి పరుగెత్తింది. పిల్లలు దిక్కుకొకటిగా పోయాయి. అక్క అలాగే నిలబడిపోయింది. ఎంతసేపు చూసినా ఒక్కటీ బయటికి రాలేదు. మర్నాడు కూడా రాలేదు.

తర్వాత మళ్ళీ వచ్చాయి. కానీ అక్క వాకర్ ముట్టలేదు.

"అవి ఉదయం, సాయంత్రం వస్తాయి. ఆ వేళల్లో నేను కదిలితే ఎలాగ?" అంది.

"అయితే మధ్యాహ్నం రమ్మంటానండీ," అంది ఫిజియోథెరపీ అమ్మాయి.

మధ్యాహ్నం ఎండ. మధ్యాహ్నం ముంగిస. ఒక్కోరోజు రెండూ. తువ్వాలు మళ్ళీ వాకర్ మీదికి చేరింది. నేనూ గట్టిగా అనలేకపోయాను. అక్క కడుపునిండా తింటోంది. మాట్లాడుతోంది. నేను లేవగానే, "ఇవాళ ఏం జరిగిందో తెలుసా," అంటూ పెరటి వార్తలన్నీ వరసగా చెబుతోంది. నేను పనిచేసిన ఆఫీసులో కూడా పొద్దున్నే అంత ఉత్సాహంగా వార్త చెప్పినవాళ్ళని చూడలేదు. ఆమెని నడిపించడానికి పెట్టిన గాబు ఆమెని కదలకుండా కూర్చోబెడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. రేపు చెబుదాంలే అనుకునేవాణ్ణి.

వేసవిలో మరమ్మతులకని కాలవలకి నీళ్ళు కట్టేశారు. బోదె ఎండి అడుగున బురద బీటలు వారింది. చుట్టుపక్కల ఎక్కడా నీటిచుక్క లేక, ఉన్న జీవాలన్నీ మా గాబుకే చేరాయి. పొద్దుటి పూట అంచు మీద ఖాళీ ఉండేది కాదు. జెముడుకాకి ఎర్రటి కళ్ళతో బరువుగా దూకుతూ వచ్చేది. ఉడుతలు తలకిందులుగా వేలాడి తాగేవి. పాలపిట్ట ఒకటి రెక్కల నీలమంతా చూపిస్తూ దిగితే, అక్క నా మణికట్టు పట్టుకుని, మాట్లాడొద్దన్నట్టు నొక్కింది. అంతకంటే అందమైన ఉదయాలు ఆ ఇంట్లో నేను చూడలేదు. ఆ చెయ్యి సన్నబడిందని కూడా అప్పుడే గమనించాను.

ఫిజియోథెరపీ అమ్మాయి గేటు దగ్గర ఆగింది.

"కాళ్ళు బాగా తీసిపోయేయండీ. పిక్క చేత్తో పట్టుకుంటే అందేస్తోంది. నా మాట అమ్మగారు వినరు. మీరైనా గట్టిగా చెప్పండి."

ఆ రోజు చెప్పాను. అక్క కోపగించుకోలేదు. అందుకే నాకు భయం వేసింది.

"బోదెలో చుక్క లేదు," అంది నెమ్మదిగా. "ఈ గాబొక్కటే వాటికి దిక్కు. నేను టకటకమంటూ వెళ్తే ఎక్కడికి పోతాయిరా? కాలవలొదలనీ. అవే పోతాయి. అప్పుడు నడుస్తాను."

"నిజంగా?"

"మాటిస్తున్నానుగా."

తొలకరికి ముందే కాలవలు వదిలారు. ఎర్రనీళ్ళు చెత్తని తోసుకుంటూ బోదెలోకి వచ్చాయి. సాయంత్రానికల్లా కప్పల గోల. కొద్దిరోజుల్లో గాబు దగ్గర సందడి పలచబడింది. కొంగ బోదె గట్టుకి మారింది. నీటికోళ్ళు పొదల వెనక నుంచి కూస్తుంటే వినబడేవి, కనబడేవి కావు. ఒక ఉదయం అంచు మీద ఏమీ లేదు. అక్క అది చూసి, తువ్వాలు మడత పెట్టి తలగడ పక్కన ఉంచింది.

"ఆ అమ్మాయిని రమ్మను," అంది.

అమ్మాయి వచ్చి ఒక పక్క నిలబడింది, నేను ఇంకో పక్క. అక్క వాకర్ పట్టుకుని లేచింది. లేచిందనే అనుకున్నాను. మోకాళ్ళు వణికాయి, చేతులు వాకర్ మీద బిగుసుకున్నాయి, అంతలోనే మంచం మీద కూలబడింది. "ఇంకోసారండీ, తొందర లేదు," అంది అమ్మాయి. రెండోసారి నడుము కూడా పూర్తిగా లేవలేదు. అక్క పళ్ళు బిగించి మూడోసారి చెయ్యి చాచింది గాని, అమ్మాయే వాకర్ పక్కకి జరిపింది.

"ఇవాల్టికి చాలండీ. ముందు మంచం మీదే కొన్ని ఎక్సర్‌సైజులు చేద్దాం. బయటికి తిరగడానికి వీల్‌చైర్ ఒకటి తీసుకుంటే మంచిది."

అక్క తన కాళ్ళ వంక చూసుకుంది. బళ్ళో తప్పు చేసిన పిల్లల్ని ఎదురుగా నిలబెట్టి చూసినట్టు చాలాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"నీకింకా ఇళ్ళున్నాయి కదమ్మా, వెళ్ళు," అంది ఆ అమ్మాయితో. "వానొచ్చేలా ఉంది."

ఆమె వెళ్ళాక నేను మంచం పక్కన కూర్చున్నాను.

"గాబు తీయించి మెట్ల దగ్గరికి మార్పిస్తాను," అన్నాను. "ఇక్కణ్ణుంచే నీళ్ళు కనబడతాయి."

"వద్దు. అవి మనుషులకి దగ్గరగా రావు."

"ఇప్పుడెలాగూ రావడం లేదుగా."

"కాలవలు మళ్ళీ కట్టేస్తారు," అంది.

వీల్‌చైర్ వచ్చింది. పెరట్లోకి దిగాలంటే మెట్ల మీద వాలుగా సిమెంటు పోయాలి. వానలు తగ్గాక చేస్తానన్నాడు మేస్త్రి. అంతవరకూ కుర్చీ అట్టపెట్టెలోనే ఉంటుంది. అక్క ఇప్పుడు పొద్దున్నే లేచి పెరటివైపు తిరిగి కూర్చుంటుంది. ఏం జరిగిందని నేను అడగను, ఆమె చెప్పదు. గాబు నిండి అంచు మీద నుంచి వాననీరు పొర్లిపోతూ ఉంటుంది.