పార్వతమ్మ నింపని మందు

సాయన్న తుపాకి పాతదని, అందుకే పేలిందని ఇప్పటికీ కోడేరు బస్టాండులో ఎవరో ఒకరు అంటారు. వింటే ఒళ్లు మండుతుంది. ఆ తుపాకి సాయన్న తండ్రి నాటిది. లైసెన్సు ఉన్నది. నలభై ఏళ్లలో ఒక్కనాడు మొరాయించలేదు. తప్పు ఇనుముది కాదు, దానిలో పోసిన మందుది. ఆ మందు ఎవరు పోశారన్న దాని మీదే పార్వతమ్మ బతుకు నడివీధిలో పడింది.

పార్వతమ్మ సాయన్న భార్య. మా పొలం పక్క పొలం వాళ్లది. ఐదెకరాల పల్లి చేను, దాన్నానుకుని అడవి. కాయ ఊరిందంటే అడవిపందులు దిగేవి. కాల్చేది సాయన్న, మందు నింపేది మాత్రం ఆమె. గొట్టం మూతి నుంచి మందు పోసి, కొబ్బరి పీచు కూరి, సీసపు గుండ్లు వేసి, ఇనుప కడ్డీ దించేది. కడ్డీ మూతి మీద ఎంత ఎత్తు తేలిందో వేళ్లతో కొలవాలి. వనపర్తి దుకాణంలో దొరికే నల్ల తుపాకిమందుకు ఆమె వేళ్లతో నాలుగు. వానాకాలం మందు చెమ్మగిల్లితే ఎండలో ఆరబెట్టేదే తప్ప ఇంకో చిటికెడు ఎక్కువ పోసేది కాదు.

మామ పెట్టిపోయిన కట్టడి మరొకటి ఉంది. మందు నింపినవాళ్లు కాల్చేవాళ్ల కుడి భుజం పక్కనే నిలబడాలి. తన ముఖం కూడా అక్కడే ఉంటే ఎవరూ చెయ్యి జారనివ్వరని ఆయన లెక్క. పదిహేనేళ్లు అట్లా నిలబడింది పార్వతమ్మ. ఊరందరికీ తెలుసు.

2004లో పల్లికాయ పీకుతుండగా బాలమణి అనే కూలి మనిషిని పంది పొడిచింది. తొడ నుంచి పొట్ట దాకా చీల్చేసింది. పేగుల్ని చీరకొంగుతో అదిమిపట్టి జీపెక్కించాం. నాగర్‌కర్నూలు చేరకముందే ప్రాణం పోయింది. ఊరంతా సాయన్న వాకిట్లో పడింది, తెల్లారేసరికి ఆ పంది చావాలని. ఇంట్లో చూస్తే మందు నిండుకుంది. సాయన్న తమ్ముడు దశరథం ఆత్మకూరు దగ్గర జాతర పటాకులు చేసే షెడ్డులో పనిచేస్తాడు. వాడే ఒక డబ్బా పట్టుకొచ్చాడు.

పొద్దున చేనులో ఆ ముగ్గురి మధ్య జరిగింది మాకు తర్వాతే తెలిసింది. పార్వతమ్మ ఆ మందు వేళ్ల మధ్య నలిపి చూసింది. బూడిద రంగు, పిండిలా మెత్తన.

"గిది తుపాకి మందు కాదు. పటాకులది. గొట్టం ఆగదు, నేను నింప."

"మందు మందే గద వదినా. గవే నాలుగు వేళ్లు, నేను నింపుత," అన్నాడు దశరథం.

"రోజూ చేసేటోనివి, నీకు ఎర్కలేదా?"

సాయన్న ఆమె చెంప పగలగొట్టాడు. "ఆడ బాలమణి కాష్టంల కాల్తుంటే నీకు మందు రంగు గావాల్నా?"

ఆమె నోట రక్తం కారింది. దశరథం మందు నింపాడు. నింపి, తోలేవాళ్లలో కలుస్తానని మా వైపు పరుగెత్తుకొచ్చాడు. మేం పదిమందిమి వాగు వైపు నుంచి డబ్బాలు కొడుతూ పందుల్ని తోలుతున్నాం. దూరాన సాయన్న, అతని పక్కన పార్వతమ్మ కనిపించారు.

అంత చప్పుడు నేనెన్నడూ వినలేదు. వెళ్లి చూస్తే సాయన్న కుడి చెయ్యి లేదు. దవడ ఊడి మెడ మీద వేలాడుతోంది. పార్వతమ్మ ఎడమ చెంప కాలి కమిలిపోయింది. బెదిరిన పంది వాళ్ల మీదికే వచ్చింది. ఆమె గట్టు మీదున్న గొడ్డలి అందుకుని దాని మెడ మీద వేసింది. అది చచ్చాక కూడా ఆపలేదు. నేను గొడ్డలి లాక్కునేదాకా నరుకుతూనే ఉంది. ఆ లోపే సాయన్న పోయాడు.

పంచనామాకు వచ్చిన హెడ్డు కానిస్టేబులు మందెవరు నింపారని అడిగాడు. వదిన అన్నాడు దశరథం. ఆమె కాలిన చెంప చూసి నేనూ అదే చెప్పి సంతకం పెట్టాను. నింపినవాళ్లే కదా పక్కన నిలబడేది! ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. మొగుణ్ని చంపుకుందని ఊరు ఊరంతా కూసింది. కేసు పెడతామన్నారు పోలీసులు.

తుపాకి పట్టినవాడు పోతే పదకొండో రోజు గాల్లో ఒక దెబ్బ కాల్చి సాగనంపడం వాళ్లింటి ఆనవాయితీ. బిజినేపల్లి నుంచి సాయన్న స్నేహితుడు జంగయ్య తన తుపాకితో వచ్చాడు. పార్వతమ్మ లోపలి నుంచి ఆ పటాకుల మందు డబ్బా తెచ్చి అందరి ముందు పెట్టింది.

"నా మొగనికి నేనే కాలుస్త. దశరథం, మందు నువ్వు నింపు. గదే మందు, గదే నాలుగు వేళ్లు. నింపి నా పక్కన నిలబడు."

జంగయ్య డబ్బా మూత తీసి చూశాడు. ముఖం మారింది. తుపాకి దశరథం చేతికిచ్చాడు. కాదంటే ఆ మందు సంగతి ముందే తెలుసని దొరికిపోతాడు వాడు. పోశాడు, కూరాడు. కడ్డీ దించితే ఒక్క వేలెత్తు తేలింది.

"ఇంక పొయ్," అంది పార్వతమ్మ.

వాడు పోయలేదు.

"నీ అన్న ముఖానికి నాలుగు, నీ ముఖానికి ఒకటా?"

వాడు ఆమె కాళ్ల మీద పడ్డాడు. "ఎర్కనే వదినా. ఊర్ల పేరొస్తదని నింపిన. భయమై ఉరికిన." జంగయ్య తుపాకి లాక్కుని గొట్టంలో నీళ్లు కుమ్మరించాడు. పార్వతమ్మ ఆ ఇనుప కడ్డీతోనే వాణ్ని కొట్టింది. ముంజేతి ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఒక్కరూ అడ్డుపోలేదు. ఆమె చేతులు పడిపోయేదాకా కొట్టి నా వైపు తిరిగింది.

"తమ్మీ, నేనే నింపిన్నని నువ్వు గూడ చెప్తివి గద. ఏం జూసినవ్?"

"నీ చెంప, అక్కా."

"ఆయన పక్కన ఎవ్వలు లేకుంటె నేను నిలబడ్డ. గందుకేనా నన్ను హంతకురాల్ని జేసిన్రు?"

సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికప్పుడు ఆమె వెంట కోడేరు ఠాణాకు నడిచాను. "నేను చూడంది చూసినట్టు సంతకం పెట్టిన సార్. ముందు నన్ను లోపలెయ్యుండ్రి," అన్నాను.