పాఠం లేని టేపు

మా బాపు బడిలో పోయాడు. ఈ మాట ఇప్పటికి ఎంతమందికి చెప్పానో, చెప్పిన ప్రతిసారీ నాకే కొత్త కబురులా ఉంటోంది. ఆస్పత్రిలో కాదు, ఇంట్లో మంచం మీద కాదు. కోరుట్లలో మనవరాలి తరగతి గదిలో, పిల్లలు కూర్చునే బెంచీ మీద. ఆ రోజు తల్లిదండ్రుల మీటింగ్. మా తమ్ముడు సౌదీలో ఉంటాడు కాబట్టి వాడి బిడ్డ మీటింగులకు బాపే వెళ్లేవాడు. నేను జగిత్యాలలో మా మందుల షాపులో ఉండగా ఆ బడి మేడమ్ ఫోన్ చేసింది. "అక్కా, తాత లేస్తలేడు. పిలుస్తున్నం, పలుకుతలేడు. మీరు జల్ది రాండ్రి." కునుకు పట్టిందేమో చూడండి అన్నాను. నిజంగా అదే అన్నాను.

మనిషికి బీపీ లేదు, షుగర్ లేదు. ఊరందరికీ మాత్రలిచ్చే నేను మా బాపుకు ఒక్క గోళీ ఇవ్వాల్సిన పని పడలేదు. దుబాయ్ ఎండలో ఇనుప చువ్వలు వంచిన మనిషి. అక్కడ ఏమీ కాలేదు. ఇక్కడ ఫ్యాను కింద చల్లగా కూర్చుని, మనవరాలి లెక్కల మార్కులు వింటూ పోవడమేమిటి? నాకింకా కోపంగానే ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు.

బాపు ఎలాంటివాడో మీకు తెలియాలంటే టేపు సంగతి చెప్పాలి.

మేం కల్లు గీసేందుకు తాటిచెట్లెక్కేవాళ్లం. వానల్లేక తాళ్లు ఎండి కల్లు పారకపోయేసరికి బాపు చెట్టెక్కే మోకు అటక మీద పెట్టి దుబాయ్ వెళ్లాడు. అప్పట్లో మా వైపు ఉత్తరాల కంటే క్యాసెట్లే ఎక్కువ నడిచేవి. చదువురాని ఇళ్లు. టేపురికార్డరు ముందు కూర్చుని చెప్పుకోవలసిందంతా చెప్పుకుని, సెలవు అయిపోయి తిరిగి వెళ్లేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చేవాళ్లం. అక్కడివాళ్లు విని, దాని మీదనే తమ మాటలు నింపి తిరిగి పంపేవాళ్లు. కొత్త గొంతు ఎక్కితే పాత గొంతు పోయేది.

మొదటి టేపు నిండా మా నాయనమ్మే. మోకాళ్ల నొప్పులు, పక్కింటివాళ్లు జరిపిన గోడ, ఈనని బర్రె. రెండు పక్కలా ఆమె గోసే. జవాబు టేపులో బాపు అన్నింటికీ ఓపికగా బదులు చెప్పి చివర్లో అన్నాడు: "ఇగ ఇనుండ్రి. ముందుగాల బిడ్డ పాఠం అప్పజెప్పాలె. పక్కకు మీరందరు కూసోవాలె. ఆ తర్వాత మీ గోస జెప్పుకోండ్రి. పాఠం లేని టేపు నేను ఇనను. అవుతల పడేస్త."

"ఓయమ్మో! వీనికేం పుట్టిందే! తల్లి గోస కన్న పోరి పాఠం ఎక్కువైందా?" అని నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. కానీ ఏం చేస్తుంది? ఆమె గోస దుబాయ్ చేరాలంటే ముందు నా పాఠం చేరాలి. నేను పాఠం చెబుతుంటే తన వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుగా కూర్చుని, తడబడితే నాకంటే ముందు ఆమే "ఆఁ... ఆఁ... తర్వాత?" అనేది.

అమ్మ పని బటన్లు. మాట ఎక్కాలంటే రెండు బటన్లు కలిపి నొక్కాలి. రెండు వేళ్లతో నొక్కి, పాఠం అయ్యేదాకా అలాగే పట్టుకునేది. నొక్కి వదిలేస్తే చాలమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో. "ఏమో బిడ్డా, ఇడిస్తె నీ సదువు ఆగిపోతదేమో" అనేది.

ఒక ఏడు నిజంగానే ఆగిపోయింది. బాపు కంపెనీ జీతాలివ్వడం మానేసింది, ఇంటికి పైసలు రావడం నిలిచిపోయింది. నాయనమ్మ నన్ను బడి మాన్పించి బీడీల చాట ముందు కూర్చోబెట్టింది. నేను ఏడ్చాను, ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత మల్యాల ఊరాయన ఒకరు దుబాయ్ వెళ్తున్నాడని తెలిసింది. నాయనమ్మ ఉరుకులాడి టేపురికార్డరు ముందు కూర్చుంది. అమ్మ బటన్ల మీద వేళ్లు పెట్టి ఆగిపోయింది.

"పాఠం లేదు గదత్తా."

"పాతదే సదువుమను!"

"పాతది ఆయన గుర్తువడ్తడు."

అత్తకు ఎదురుచెప్పడం అమ్మకు అదే మొదలు. నాయనమ్మ కాసేపు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నా రెక్క పట్టుకుని బడికి ఈడ్చుకెళ్లింది. "సారూ, దీనికి జల్ది ఒక కొత్త పాఠం జెప్పు. నా టేపు పోవాలె!" సారు నవ్వీ నవ్వీ, పాఠం ఒక్కరోజులో రాదు, రోజూ పంపాలన్నాడు. అలా మళ్లీ బడిలో పడ్డాను. ఆ టేపుకు నేను చెప్పింది గోదావరి పాఠం.

బాపు సెలవులో వస్తే మాత్రం పాఠాల ఊసే ఎత్తేవాడు కాదు. "నా పాఠం ఎట్లున్నది బాపూ?" అంటే "మంచిగున్నది బిడ్డా" అనేవాడు, అంతే. పెరిగేకొద్దీ నాకొక అనుమానం పట్టుకుంది. నన్ను బడి మాన్పించకుండా వేసిన ఎత్తు అది, అంతేగానీ ఆయన విన్నదేమీ లేదని. పగలంతా చువ్వలు మోసినవాడు పిల్ల అప్పజెప్పే పాఠం కూర్చుని వింటాడా? ఎత్తయినా మంచిదే, దానివల్లే ఇంతదాన్నయ్యాను. అయినా తెలుసుకోవాలని ఉండేది. నేను వినడానికైనా నా చిన్ననాటి గొంతు ఎక్కడా మిగల్లేదాయె.

దుబాయ్ మానుకుని తిరిగొచ్చాక బాపు మా తమ్ముడి బిడ్డ మీటింగ్ ఒక్కటీ వదల్లేదు. "గొంతులు పంపుకునుడు అయిపోయింది. ఇగ మనిషినే పోత" అనేవాడు. ఇస్త్రీ చొక్కా తొడిగి, వాడలో బీడీలు చేసే తల్లులను కూడా పిలిచి షేర్ ఆటో ఎక్కించేవాడు. మాకేం తెలుస్తుందని వాళ్లు వెనకాడితే ఒకటే మాట: "మార్కులు సమజ్ గాకపోతే పాయె. పోరి మొఖం జూడుండ్రి. సమజ్ అయితది."

మొన్న, బాపు పేర పిట్టకు ముద్ద పెట్టే రోజున, వెల్గటూరు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. మాలో ఎవరికీ తెలియదు. "నేను మీ బాపు రూమోన్ని, దుబాయ్‌ల" అన్నాడు. ఫొటో ముందు చాలాసేపు నిలబడి, నా వైపు తిరిగి, "గోదావరి పిల్లవు నువ్వేనా?" అని అడిగాడు.

ఔనన్నట్టు తలూపాను.

"మా ఊరు గోదావరి పక్కకే బిడ్డా. ఆడ దుబాయ్‌ల ఇసుక దప్ప నీళ్లు సూస్తమా? నీ టేపు అచ్చినంక జుమ్మా జుమ్మాకు, శుక్రారం సుట్టి గదా, పెట్టుమని మీ బాపును సతాయిస్తుంటి. ఆయనకు నేను పెట్టుమనుడెందుకు, ఆయనే పెట్టేటోడు. మల్ల టేపు మీకు పంపాలె, పంపితే నీ గొంతు పోతది. ఆయన పంపనంటడు, మేం పంపుమంటం. ఆఖరుకు, అందరం నోటికి నేర్చుకున్నంకనే పంపిండు."

అంతమందిలో, చాప మీద మఠం వేసుకుని కూర్చుని, ఆ ముసలాయన కళ్లు మూసుకున్నాడు. బడిపిల్ల రాగంతో మొదలుపెట్టాడు.

"గోదావరి నది పడమటి కనుమలలో నాసిక్ దగ్గర పుట్టి, తూర్పు దిక్కుకు ప్రవహించి..." ఒక్కసారి గొంతు మార్చి, అచ్చం మా నాయనమ్మలా కేకేశాడు. "ఓ పిల్లా! బర్రె తాడు తెంపుకున్నదే!" మళ్లీ రాగంలోకి వచ్చాడు. "...బంగాళాఖాతంలో కలుస్తుంది."

పాఠం నడుమ టేపులోకి ఎక్కిన ఆ బర్రెను నేనెప్పుడో మరిచిపోయాను. ఏడుపొచ్చి అమ్మ వైపు తిరిగాను. అమ్మ ఆ ముసలాయన నోటినే చూస్తోంది. ఆమె రెండు వేళ్లు చాపను గట్టిగా నొక్కి పట్టి ఉన్నాయి. పాఠం అయిపోయినా తీయలేదు.