రాయపూర్‌లో నాలుగు తీగల మాండలిన్

విజయనగరంలో రాయపూర్ బండి ఎక్కేటప్పుడు నా చేతిలో ఉన్నది ఖాళీ మాండలిన్ సంచి. నిండు సంచులు మోసేవాళ్ల మధ్య ఖాళీ సంచిని గుండెలకు హత్తుకుని కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం రాకమానదు. ఎదురు బెర్తు పెద్దాయన కాసేపు ఓపిక పట్టి, బొబ్బిలి దాటాక అడిగేశాడు.

"అందల ఏటుందమ్మా?"

"ఇంకా ఏమీ లేదండీ. తెచ్చుకోడానికే వెళ్తున్నాను."

నాకు విజయనగరంలో మందుల దుకాణం ఉంది. నలభై దాటాక, రెండేళ్ల కిందట, మాండలిన్ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. వాయిద్యం మా మాస్టారే అరువిచ్చారు. ఇప్పుడు ఆయన మనవరాలికి నేర్పడం మొదలుపెడుతున్నారు కాబట్టి దాన్ని తిరిగి ఇచ్చేయాలి. నా తాహతుకు దొరికే కొత్తవన్నీ డబ్బాలో గులకరాళ్లు వేసినట్టు మోగుతున్నాయి. అప్పుడు మా పక్కింటావిడ చెల్లెలు నిర్మల ఫోన్ చేసింది. రాయపూర్‌లో నర్సు ఆమె. రూతమ్మగారని ఒక రిటైరైన నర్సు దగ్గర భర్త వాయించిన మాండలిన్ ఉందనీ, అమ్ముతారనీ చెప్పింది. "కానీ ఇప్పటికే ఇద్దర్ని వెనక్కి పంపేశారక్కా. వాళ్ల చర్చిలో ఒక పాటకి వాయించి చూపించాలట" అంది. ఆ చివరి మాటతో నా కుతూహలం పదింతలైంది. డబ్బు తీసుకుని సరుకిచ్చే లోకంలో పరీక్ష పెట్టి అమ్మే మనిషిని ఒకసారి చూడాలి కదా.

స్లీపర్ టికెట్ మూడొందల పైచిలుకు. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి రాయపూర్. రాయగడలో టీ తాగి, ఇంటి నుంచి తెచ్చుకున్న చపాతీలు విప్పాను. పెద్దాయన బట్టల వ్యాపారి, పండరీ బజారుకు సరుకు కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్నారట.

"గుడ్డయితే రెండు వేళ్ల మజ్జిన నలిపి సెప్పెస్తాను. మీరు కొనేదాన్ని ఎలాగ సూస్తారు?" అని అడిగారు.

మెడ వంగిందా, వేళ్లు నొక్కే మెట్లు అరిగాయా, తీగలు బిగించే బిరడాలు పట్టు తప్పాయా చూడాలని మాస్టారి దగ్గర నేర్చుకున్నదంతా అప్పజెప్పాను. ఆయన తలాడించి, "అమ్మినోల్లని కూడా సూడండి. పాత సరుకు సగం ఆల్ల దగ్గిరే ఉండిపోద్ది" అని చెప్పి పడుకున్నారు. ఎక్కడో కొండల్లో సొరంగాలు వచ్చాయట. నాకు నిద్రలో తెలియలేదు.

రాయపూర్‌లో దిగి, పండరీలో ఆయన చెప్పిన లాడ్జిలోనే గది తీసుకున్నాను. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. కింద బండి మీద పోహా, పక్కన జిలేబీ. అటుకుల ఉప్మా, జిలేబీ ఒకే ప్లేటులో తినడమేమిటని మొదట ముక్కు చిట్లించాను. తరవాత రెండో ప్లేటు అడిగాను. వెళ్లేవాళ్లు తొమ్మిదిలోపే తినాలి, ఆ తరవాత వేడివి దొరకవు.

పది గంటలకు ఆటోలో డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి వెళ్లాను. రైలు వ్యాగన్లు మరమ్మతు చేసే వర్క్‌షాపు కార్మికుల కాలనీ అది. ఆటో అబ్బాయికి చర్చి పేరు చెబుతుంటే, "ఆంధ్రావాలా చర్చ్ నా దీదీ? మాలూమ్ హై" అని నేరుగా తీసుకెళ్లి దింపాడు. రూతమ్మగారి ఇల్లు ఆ పక్కనే, కాలనీ గోడను ఆనుకుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. తలుపు తీస్తూనే నా ఖాళీ సంచి వైపు చూసి నవ్వారు.

"రామ్మా రా, అందర్ రా. నమ్మకంగానే వచ్చావే, థైలీ కూడా తెచ్చుకున్నావ్. బైఠమ్మా, చాయ్ పెడతాను."

పాలకొల్లు పక్క ఊరు వాళ్లది. పెళ్లయి ఇక్కడికొచ్చారు. భర్త సామ్యేలుగారు వర్క్‌షాపులో ఫిట్టరు, ఈవిడ ఆసుపత్రిలో నర్సు. గోదావరి తెలుగులో హిందీ ఇంత సాఫీగా కలుస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. టీ తాగుతుండగా మంచం కింద నుంచి రేకు పెట్టె లాగి, పాత దుప్పటి విప్పి, మాండలిన్ నా ఒళ్లో పెట్టారు.

చూడగానే ఇష్టపడ్డాను, దాచడం దేనికి. ముదురు తేనె రంగు చెక్క. తీగల కింద ఉండే గుర్రం మాత్రం వేరే చెక్క. అది సామ్యేలుగారు వర్క్‌షాపులో మిగిలిన టేకు ముక్కతో చెక్కుకున్నారట. మీటే ముక్క సబ్బుపెట్టె మూత కత్తిరించి చేసింది. మెడ తిన్నగా ఉంది. మెట్లలో కిందివి బాగా అరిగి, పైవి కొత్తవాటిలా మెరుస్తున్నాయి. పై మెట్లతో ఆయనకు ఏనాడూ పని పడలేదన్నమాట, ఎందుకో అర్థం కాలేదు. ఒకటే లోపం. మాండలిన్‌కు ఎనిమిది తీగలుంటాయి, జతకు రెండు చొప్పున నాలుగు జతలు. దీనికి జతకు ఒకటే తీగ మిగిలింది. పాపం, భర్త పోయాక ఎవరూ పట్టించుకోలేదని జాలిపడ్డాను. ఆవిడ నొచ్చుకుంటారని ఆ మాట పైకి అనలేదు.

"పరీక్ష అంటున్నారు, నిర్మల చెప్పింది" అన్నాను.

"పరీక్షా లేదు గిరీక్షా లేదమ్మా. రేపు ఆదివారం ఆరాధనలో నేను ఒక పాట ఎత్తుతాను. నువ్వు అందుకోవాల. బస్."

"ఏ శ్రుతిలో ఎత్తుతారండీ?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "ఇంతకుముందు వచ్చినాయన కూడా ఇదే అడిగాడు, ఏ స్కేలు అని. నా స్కేలే అన్నాను. నాకేం తెలుసమ్మా? నోరు తెరిస్తే ఏదొస్తే అదే. మేం ఎత్తితే వాయిద్యం రావాల. వాయిద్యం ఎత్తితే మేం పోం. మా చర్చిలో షురూ నుంచీ అంతే."

మిగతా సంగతి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ చెప్పారు. సామ్యేలుగారు పోయాక చర్చికి కీబోర్డు వచ్చింది. అది ఎప్పుడూ ఒకే శ్రుతిలో మోగుతుంది, పిల్లల గొంతులకు సరిపోయేంత పైన. ఈవిడ ఈడు ఆడవాళ్లకు అంత పైకి అందదు. పెదాలు కదిపి ఊరుకుంటున్నారు. "మునుపు పాట ఎత్తేది నేనే. ఇప్పుడు పుస్తకం పట్టుకుని చుప్‌చాప్ నిలబడతాను. పాస్టరుగారిని బతిమాలి ఒక పాట అడిగి తీసుకుంటన్నాను, నీకోసం మూడోసారి. ఈసారి కూడా కుదరకపోతే ఇంక అడగను. పాట ఎత్తడం కూడా మానేస్తాను. మాండలిన్ పెట్టెలో ఉంటది."

నేను వాయిద్యం కొనడానికి వచ్చాననుకున్నాను. ఆవిడ గొంతు కూడా నా చేతిలో పెడతారనుకోలేదు. నిజంగా భయం వేసింది.

రేపటిలోగా చెయ్యి అలవాటు చేసుకోమని మాండలిన్ నాకిచ్చి పంపారు. లాడ్జికి వచ్చే దారిలో నా తెలివి పనిచేసింది. సదర్ బజారు వైపు వాయిద్యాల దుకాణం కనిపిస్తే ఆటో ఆపించి, తీగల సెట్టు కొన్నాను. గదిలో కూర్చుని లేని నాలుగు తీగలూ ఎక్కించాను. వదులుగా తిరుగుతున్న బిరడాల మరలు చాకు మొనతో బిగించాను. ఫోన్‌లో చూసుకుంటూ ఎనిమిదింటినీ మాస్టారి పద్ధతిలో వెంట్రుక వాసి తేడా లేకుండా శ్రుతి చేశాను. మీటితే గది నిండిపోయింది. రేపు ఆవిడ వింటే ఎంత పొంగిపోతారోనని మురిసిపోతూ దాల్, అన్నం తిని పడుకున్నాను.

ఆదివారం తొమ్మిదింటికి ఆరాధన. ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు. ముందు వరసలో తెల్ల చీరల్లో రూతమ్మగారు, ఆవిడ స్నేహితురాళ్లు. నన్ను పక్కనే కుర్చీలో కూర్చోబెట్టారు. కీబోర్డుతో రెండు పాటలయ్యాక పాస్టరుగారు తల ఊపారు. రూతమ్మగారు లేచి, గొంతైనా సవరించుకోకుండా పాట ఎత్తారు.

నేననుకున్నదానికన్నా చాలా కింద ఉంది. పోనీ కిందనే ఉన్నా బాగుండేది, నా మెట్లలో ఏ మెట్టుకూ అతకకుండా రెండింటి సందున ఉంది. ఒక మెట్టు నొక్కాను, ఎక్కువైంది. పక్కది నొక్కాను, తక్కువైంది. చర్చి మొత్తం పళ్లు జివ్వుమనేలా రెండు దెబ్బలు కొట్టి, తీగల మీద అరచెయ్యి వేసి నొక్కేశాను. పాట ఆగలేదు. అక్కడ వాయిద్యం కోసం పాట ఆగదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మనసులో వాయిద్యాన్నే తిట్టుకుంటూ దాని తల వైపు చూశాను.

ఎనిమిది బిరడాలు, ఎనిమిది తీగలు. పాట నడుస్తుంటే ఎనిమిదింటినీ తిప్పి ఎవరు సరిచేస్తారు? అదే నాలుగైతే? బిరడాలు వేలు తగిలితే తిరిగేంత వదులుగా ఉంటే?

తీగలు ఊడిపోలేదు. సామ్యేలుగారు తీసేశారు. భార్య ఎక్కడ ఎత్తితే మొదటి మాటలోనే అక్కడికి తీగను తిప్పుకుని వచ్చేసేవారు. అందుకే ఆయనకు పై మెట్లు అక్కర్లేదు. నేను నిన్న సాయంత్రమంతా కూర్చుని ఆయన జీవితకాలపు ఏర్పాటును శ్రద్ధగా చెడగొట్టాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

మన పాటలకు చరణాలు ఎక్కువ రాసిన పెద్దలకు దండం పెట్టాలి. రెండో చరణం నడుస్తుండగా నా నాలుగు తీగలనూ వదులు చేసి కొక్కేల నుంచి తప్పించాను. అవి ఒళ్లో పడి గుచ్చుకున్నాయి. మూడో చరణంలో బిగించిన బిరడాలతో కుస్తీ పట్టాను. బొటనవేలు చర్మం లేచింది. పక్కన రూతమ్మగారి గొంతు సన్నబడుతోంది, వెనకవాళ్లు అప్పటికే ఉత్త పెదాలు కదపడానికి దిగిపోయారు. కీబోర్డు అమ్మాయి నా వైపు జాలిగా చూసింది.

ఆఖరి చరణం మొదలయ్యేసరికి ఒక తీగ ఆవిడ షడ్జమానికి తగిలింది. రెండోది పంచమానికి తెచ్చాను. ఇంకేమీ వాయించలేదు, ఆ రెండే మీటుతూ కూర్చున్నాను. మాస్టారు వింటే చెవి మెలేసేవారు. కానీ రూతమ్మగారి స్వరం ఒక్కసారిగా నిలబడింది. వెనక ఒక గొంతు లేచింది, తరవాత ఇంకోటి. ముందు వరస ముసలమ్మలంతా పాడుతున్నారు, బరువుగా, గట్టిగా, అరమెట్టు అటూ ఇటూ అయినా అందరూ కలిసి. పాట అయిపోయింది. వాళ్లు ఒప్పుకోలేదు, మళ్లీ పల్లవి ఎత్తారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరూ చూడకుండా తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు.

మధ్యాహ్నం రూతమ్మగారింట్లో అన్నం, చేపల పులుసు. నేను చేసిన ఘనకార్యమంతా దాచకుండా చెప్పాను. నాలుగు తీగల రహస్యం ఆవిడకూ తెలియదట. "ఆయన వాయించేవాడు, నేను పాడేదాన్ని. ఎలా అని ఎప్పుడూ పూఛ్ చెయ్యలేదమ్మా" అని నవ్వి, నా పళ్లెంలో ఇంకో చేప ముక్క వేశారు. తరవాత అన్నారు, "ఆయనైతే మొదటి లైనుకే అందుకునేవాడు. నువ్వు ఆఖరి చరణానికి వచ్చావ్."

"మరి ఎలాగండీ?"

"వచ్చావు గదా."

ధర ఆవిడే చెప్పారు, నేను బేరమాడలేదు. కానీ సంచిలో సగం పెట్టి మళ్లీ బయటికి తీశాను. "వచ్చే ఆదివారం మీకెవరు వాయిస్తారు? ఇక్కడే ఉంచండి రూతమ్మగారూ" అనేశాను.

"ఇక్కడుంటే ఎవరు మీటతారు? నాకు రాదు, పిల్లలకి అక్కర్లేదు. పెట్టెలో చెక్క పాడైపోద్ది. తీసుకెళ్లు. నీ నంబరు మాత్రం ఇచ్చి పో" అన్నారు.

నాలుగున్నరకు తిరుగు బండి. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. రాయపూర్‌లో చూసేవి చాలా ఉన్నాయంటారు, నేను ఏదీ చూడలేదు. పాత వాయిద్యం కొనేవాళ్లు మాత్రం దానికి లేనిదాన్ని చూసి వెంటనే జాలిపడకండి. ఒక రోజు ఆగి, ఎందుకు లేదో కనుక్కోండి.

ఆరంగ్ దాటాక ఫోన్ మోగింది. రూతమ్మగారు. హలో లేదు, బండి ఎక్కావా అని లేదు. సరాసరి పాట ఎత్తారు, పొద్దుటిది కాదు, వేరేది. పక్క సీటామె "క్యా హువా బహన్?" అంటుండగానే ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య బిగించి, మాండలిన్ బయటికి తీశాను. మరలు మధ్యాహ్నమే వదులు చేసి ఉంచాను. ఒక బిరడా తిప్పాను, చాలలేదు. ఇంకాస్త. ఆవిడ రెండో లైనులో ఉండగా తీగ వెళ్లి ఆ గొంతు శ్రుతికి తగిలింది.

ఇంతలో బండి మహానది వంతెన ఎక్కింది. ఆ రొదలో ఆవిడ గొంతు మునిగిపోయింది, నేను మీటేది నాకే వినబడలేదు. అయినా మీటుతూనే ఉన్నాను. వంతెన దాటాక చూస్తే ఆవిడ ఇంకా పాడుతూనే ఉన్నారు, మునుపటికన్నా కొంచెం కిందికి దిగి. నేనూ బిరడా తిప్పి దిగాను.