మావయ్యగారి రెండు దగ్గులు

దెయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లుమంట. హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. ఎంతమంది పిల్లల చేత ఊపిరితిత్తుల బొమ్మ గీయించానో లెక్కలేదు. అలాంటి నేనే ఇది రాస్తున్నాను, నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. మా ఆయన ప్రాణం నిలబెట్టింది ఒక దగ్గు. ఆ దగ్గిన మనిషి పోయి అప్పటికి తొమ్మిదేళ్లు.

ఆయన మా మావయ్యగారు. మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారం చేసేవారు. తొంభైల మొదట్లో నేను కాపరానికి వచ్చేసరికి ఆయనకో పద్ధతి ఉండేది. కోడలున్న గదిలోకి నేరుగా వచ్చేవారు కాదు. గుమ్మం అవతల ఆగి రెండుసార్లు దగ్గేవారు. నేను పైట సర్దుకుని లేచి నిలబడ్డాకే లోపలికి వచ్చేవారు. ఆ మర్యాద నాకెంతో నచ్చేది.

తర్వాత ఆయనకి నిజం దగ్గే పట్టుకుంది. పొడి దగ్గు, ఏళ్ల తరబడి. పీచు దుమ్మన్నారు, చుట్టలన్నారు. క్షయేమోనని పరీక్షలన్నీ చేయిస్తే అదేం కాదన్నారు. అయినా సరే ఆయన కంచం, గ్లాసు వేరుగా పెట్టాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా! ఏ దగ్గు పిలుపో, ఏది రోగమో తెలియక, లేచి నిలబడటం కూడా మానేశాను.

మధ్యాహ్నం భోజనం చేసి అరుగు మీద పడుకుంటే ఆయన గుర్రు వీధి చివరికి వినపడేది. ఉన్నట్టుండి ఆగిపోయేది. కాసేపటికి ఉక్కిరిబిక్కిరై దగ్గుతూ లేచి కూర్చునేవారు. "పాడు దగ్గు, కంటినిండా నిద్ర పోనివ్వదు కదా" అని మా అత్తగారు తిట్టుకునేవారు. గుర్రు పెడితే సుఖంగా నిద్రపోతున్నట్టని మా ఇంట్లో అందరి నమ్మకం.

ఓ వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే ఆ దగ్గుకి నాకు విసుగొచ్చింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన్నడిగి నిద్రమాత్రలు తెప్పించి, నా చేత్తోనే ఇచ్చాను.

"ఆయ్, వేసుకుంటానమ్మా. నీ పనికీ ఇబ్బందిగా ఉంటోంది" అన్నారు మావయ్యగారు.

ఆ మధ్యాహ్నం గుర్రు ఆగింది. దగ్గు రాలేదు. "హమ్మయ్య, ఇవాళ హాయిగా పడుకున్నారు. లేపకండర్రా" అన్నారు అత్తగారు. సాయంత్రం ఆ వేరు గ్లాసులో కాఫీ పట్టుకెళ్తే ఒళ్లు చల్లబడిపోయి ఉంది. గుండెపోటన్నారు. కాబోలనుకున్నాం.

తొమ్మిదేళ్ల తర్వాత ఓ ఆదివారం, అదే ఇల్లు. మా ఆయన గదిలో గుర్రు పెట్టి నిద్రపోతున్నారు. నేను హాల్లో పేపర్లు దిద్దుతున్నాను. ఆ గది గుమ్మం అవతల నుంచి రెండు దగ్గులు వినిపించాయి.

పైట సర్దుకుని లేచి నిలబడ్డాను. పాత అలవాటు. ఎవరూ రాలేదు. గుర్రు కూడా వినపడటం లేదని అప్పుడు తట్టింది. లోపలికి పరిగెత్తాను. మా ఆయన పెదాలు నల్లబడి ఉన్నాయి. పేరు పెట్టి అరిచాను, చెంపల మీద కొట్టాను. ఎంతసేపటికో ఊపిరి లాగారు.

అత్తగారు వంటింట్లోంచి గబగబా వచ్చారు. కొడుకుని చూడకముందే, నేను నోరు విప్పకముందే, "ఎవరమ్మా దగ్గేరు? మీ మావయ్యగారిలాగే దగ్గేరు!" అన్నారు.

కాకినాడలో పెద్ద డాక్టరుగారు స్లీప్ ఆప్నియా అన్నారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుందట. తగ్గని పొడి దగ్గు కూడా కొందరికి దానివల్లే ఉంటుందట.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా గురక, దగ్గు ఉండేవాండీ?" అని అడిగారు. అత్తగారు నా మొహంలోకి చూశారు. "నిద్రమాత్రల జోలికి మాత్రం వెళ్లకండి" అన్నారాయన. సిగ్గుతో చచ్చిపోయాను. మేం తిట్టుకున్న దగ్గే అన్నేళ్లూ మావయ్యగారిని లేపుతూ వచ్చిందేమో. దాని నోరు నేనే నొక్కేశాను.

ఆ రోజు దగ్గిందెవరో నాకిప్పటికీ తెలీదు. మా ఆయనే అనుకుందామంటే ఆయనకి ఊపిరే ఆడటం లేదు. నా భ్రమే అనుకుందామంటే అత్తగారికెలా వినపడింది? ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు దొరకలేదు.

బతికున్నన్నాళ్లూ ఆయన దగ్గితే లేవడం మానేసినదాన్ని, ఆ రోజు లేచి నిలబడ్డాను. ఆయనే లోపలికి రాలేదు.